నగ తాలూకు ఎవరు?

పైడమ్మ నగగా మారిపోయిందని స్కానింగ్ విభాగం ఉదయం తొమ్మిదిన్నరకు నిర్ధారించింది. ఆ ఆస్పత్రిలో వారానికి ఇద్దరు ముగ్గురు అలా మారుతూనే ఉంటారు కనుక ఎవరూ తలెత్తి చూడలేదు.

ఆమె కాలేయంలో గడ్డ ఉంది. కంటికి ఆనని బంగారు రేణువులను పొద్దున్నే సూదితో రక్తంలోకి ఎక్కించారు. అవి వెళ్లి గడ్డను పట్టుకుంటాయి, స్కానులో మెరిసి దాని జాడ చెబుతాయి, ఆపైన కాంతి పడితే వేడెక్కి దాన్ని మాడ్చేస్తాయి. పన్నెండయ్యేసరికి మాత్రం మూత్రంలో దిగిపోతాయి. ఒక ఒంటికి ఈ మందు ఒక్కసారేనని డాక్టరు ముందే చెప్పింది. అందుకే పైడమ్మ చూపంతా గోడగడియారం మీదే ఉంది.

చిక్కల్లా స్కానింగ్ గది తలుపు మీది నిబంధనతో వచ్చింది. ఒంటి మీద బంగారం ఉండరాదు. అది తెలిసే పైడమ్మ పుస్తెలు ఇంట్లో తీసిపెట్టి, పసుపుకొమ్ము కట్టుకుని వచ్చింది. గుమాస్తా పట్నాయక్ అది చూసి మెచ్చుకున్నాడు కూడా. తర్వాత బంగారం కనిపెట్టే కర్రను ఆమె పొట్ట దగ్గర పెట్టాడు. అది కూసింది. బంగారం ఒంటి మీద ఉంటే బంగారాన్ని తీసేయాలి, ఒంట్లో ఉంటే ఒంటినే తీసేయాలి. అతను ఆమెను నగల పుస్తకంలో రాసుకున్నాడు.

“నాను మనిసిని బాబూ. లోపల గడ్డుంది,” అంది పైడమ్మ.

పట్నాయక్ చెడ్డవాడు కాదు. నగలతో మాట్లాడే అధికారం అతనికి లేదు, అంతే. “నగ తాలూకు ఎవరు?” అని కేకేశాడు.

ఆమె భర్త సూరప్పడు చెయ్యెత్తాడు. “నానే బాబూ.”

“వేలిముద్ర వేసి తీసుకో. లేదంటే బీరువాలో పెట్టి తాళం వేస్తాం. మళ్లీ సోమవారమే తీసేది.”

భార్య బీరువాలో ఉండటం ఊహించుకున్నాడు సూరప్పడు. గబగబా వేలు నొక్కాడు.

పదకొండుకు నర్సు తలుపు తీసి, “పేషెంట్ పైడమ్మ” అని మూడుసార్లు పిలిచింది. పైడమ్మ మూడుసార్లూ పలికింది. నర్సు ఆమె మీదుగా వరండా అంతా చూసి, రాలేదని రాసుకుంది. పైడమ్మ లేవబోతే సూరప్పడు కొంగు పట్టి ఆపాడు.

“ఊరుకోయే. నిన్ను నా పూచీ మీద ఇచ్చినారు.”

పన్నెండుంబావుకి కర్ర కూయలేదు. పట్నాయక్ నగల పుస్తకంలో ఆమె పేరు కొట్టేసి, మనిషిని చేసి, “ఇక లోపలికెళ్లమ్మా” అన్నాడు. అమ్మా అన్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

లోపల నర్సు కాగితం చూపించింది. “పిలిస్తే రాలేదేంటి? మందంతా వృథా చేశావు. ఇప్పుడు మేమేం చేయాలి?”

పైడమ్మ భర్త వైపు చూసింది. అతను వేలికంటిన సిరా తుడుచుకుంటున్నాడు. ఇలాంటివాళ్ల వల్లే ఆలస్యమని వరుసలో ఎవరో విసుక్కున్నారు.

“తప్పు నాదే తల్లీ,” అంటూ పైడమ్మ నర్సు చూపించిన చోట వేలు నొక్కింది. “పిలిసినప్పుడు నాను పలకనేదు.”