ఉత్తరాల గదిలో ఖాళీ

ఖాళీగా ఉన్న చోటు వేరు, ఖాళీ అని సర్కారు ఒప్పుకున్న చోటు వేరు. ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత 1978లో ఆదోనిలో వెలసిన ఉత్తరాల నిల్వ శాఖది.

చుట్టుపక్కల ఊళ్ల ఉత్తరాలన్నీ ఆ శాఖ గదిలోనే ఉండేవి. మనిషికో అర. అది నిండితే తక్కినవి ఎక్కడ సందు దొరికితే అక్కడ దూర్చేవారు. చచ్చిపోయినవాళ్ల అరలు ఖాళీగానే ఉన్నా, వాళ్లు స్వయంగా వచ్చి వదులుకుంటున్నామని సంతకం పెట్టలేదు కనుక ముట్టుకోకూడదు. చివరికి గది కిక్కిరిసిపోయి, ఎవరి ఉత్తరమూ దొరకడం మానేసింది.

జమ్రుద్‌బీకి కావలసింది ఒక్కటే ఉత్తరం. ఆమె కొడుకు మౌలాలిని ఫలానా తేదీకి పనిలో చేరమని ఎమ్మిగనూరు మిల్లువాళ్లు రాసినది. (తేదీ నోటితో చెప్పడం మిల్లు నియమాలకు విరుద్ధం.)

అధికారి ప్రభుదాసు గది సర్దడానికి నడుం కట్టాడు. సర్దాలంటే అంతే గది ఇంకొకటి, పైన పదో వంతు జాగా ఖాళీగా ఉండాలని నిబంధన. (అంత జాగా ఉంటే సర్దే పనేముందని నిబంధన రాసినవారికి తోచలేదు.) ప్రభుదాసు బుర్ర పాదరసం. ఉత్తరాలను మూటలు కట్టించి, లక్క ముద్రలు వేయించి, ఎవరివి వాళ్ల ఇళ్లలోనే తాత్కాలికంగా దాయించాడు.

మూటకు ఎలుకలు దూరని చోటు కావాలని ప్రభుదాసు అంటే, జమ్రుద్‌బీ జొన్నల డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది.

"మా ఉత్తరమే కదా సారూ, తీసి సదువుకుంటాము," అంది.

"ఇది బట్వాడా కాదమ్మా, నిల్వ. బట్వాడా ఆఫీసులోనే జరగల్ల," అన్నాడు ప్రభుదాసు.

ఆయన అటు వెళ్లగానే మౌలాలి డబ్బా మూత తీశాడు. "పగలగొడదామా అమ్మా?"

"సర్కారు ముద్దర పగలగొట్టినోనికి పని ఎవురిస్తారు నాయనా?" అని మూత పెట్టేసింది. దుప్పటి మీద పోసిన జొన్నల పక్కన, డబ్బాకేసి చూస్తూ కూర్చుంది.

మూటలన్నీ వెనక్కి చేరాయి. గది అద్దంలా తయారైంది. ఉత్తరాల మధ్య వేలు దూరే సందు లేదు. మిగిలిన జాగాలో ప్రభుదాసు తనకో వాలుకుర్చీ వేయించుకున్నాడు.

"మావానిది దొరికిందా సారూ?" అని అడిగింది జమ్రుద్‌బీ.

"దొరికేదేమి, ఇదో, కండ్లారా సూడు," అని చూపించాడు. ఆమె చెయ్యి చాపబోతే ఆపాడు. "తియ్యగూడదమ్మా. తీస్తే నడుమ సందు పడతాది, మళ్లా మొదటికొస్తాము. ఈసారి సర్దేటప్పుడు ఇస్తాములే."

"అంతలోకి తేదీ దాటిపోతాది కదప్పా."

ప్రభుదాసు జాలిగుండె కలవాడు. ఆమెకు ధైర్యం చెప్పాడు.

"దాటిపోనీలేమ్మా. ఇంక నీకు తొందర కూడా ఉండదు."