గడ్డివాము దగ్గింది

ఎండ ఎక్కకముందే ఇప్పపూలు ఆరబోసి, మామిడికాయ తొక్కు నూరాలనుకుంది నాగేశ్వరమ్మ. వాకిట్లో పొయ్యి రాజేసిందో లేదో, ఉప్పు అమ్ముకునే భూషణం దిగబడ్డాడు.

ఉప్పు వట్టి వేషం. వాడు పోలీసు దారోగా పెట్టిన వేగు. బస్తర్‌లో గోండులు తిరగబడ్డ ఏడు, ఎండుమిరపకాయలు కట్టిన మామిడికొమ్మ ఊరూరా తిరిగింది. అందుకున్నవాడు సర్కారు మీద లేచినట్టే. అలజడి అణగినా ఆ కొమ్మంటే సర్కారుకు ఇంకా గుండెదడ. నాగేశ్వరమ్మ మొగుడు రామనర్సయ్య దారోగాకు వెట్టి చేయనన్నాడు. అతని చేత కొమ్మ పట్టిస్తే చాలు, జగదల్‌పూర్ జైలే. నేరం దొరక్కపోతే నేరాన్ని ఇంటికి మోసుకొచ్చి అంటగట్టే బతుకూ ఒక బతుకేనా? థూ!

గోదావరి అవతల నుంచి కొత్తగా కాపురానికొచ్చిన నాగేశ్వరమ్మకు ఈ కొమ్మ సంగతేమీ తెలియదు.

భూషణం గోనె కింద నుంచి కొమ్మ తీశాడు. "పట్టుకో అన్నా! సర్కారు పీడ విరగడైతది."

రామనర్సయ్యకు అదేమిటో తెలుసు. తెలిసీ, కడుపులోని వెట్టి మంటకు చెయ్యి చాచాడు.

నాగేశ్వరమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "ఎవరికో దిష్టి తీసిన మిరపకాయలు పొద్దుగాల్నే నా మొగుని చేతిల పెడతవా? నీ నోట్ల మన్నువడ!"

మిరపకాయలన్నీ ఊడబెరికి, మొగుడికి మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ ఘాటుకు ఇంట్లో పిల్లి కూడా పారిపోయింది. గాలి వాకిటి మూలనున్న గడ్డివాము వైపు తిరిగింది.

గడ్డివాము దగ్గింది.

"దిష్టి లేదు గని, వాముకు దగ్గొచ్చిందేందయ్యా!" అంటూ నాగేశ్వరమ్మ రోకలితో పొడిచింది. ఇద్దరు బయటపడ్డారు. ఒకడు దారోగా. రెండోవాడు, తిరుగుబాటుదారుణ్ణి కళ్లారా చూపిస్తానని దారోగా వెంటబెట్టుకొచ్చిన జగదల్‌పూర్ అధికారి. వేగు ఎవరో పెట్టుకున్నవాడికి తప్ప పైవాళ్లకూ తెలియకూడదన్నది సర్కారు కట్టడి. అందుకే ఆయనకు భూషణం ఎవరో తెలియదు.

అధికారి కళ్లు నలుపుకున్నాడు. "కొమ్మ ఎవడి చేతిలో ఉంది?"

భూషణం చేతిలో ఉంది.

"హుజూర్, నేను దారోగా సాబ్ మనిషిని! అడగండి!"

అవునంటే నేరం తానే పుట్టించినట్టు. దారోగా చెమట తుడుచుకున్నాడు. "ఎవడ్రా నువ్వు, బద్మాష్? నిన్ను ఎన్నడన్న చూసిన్నా?" అని తన తలపాగా విప్పి తానే వాడి చేతులు కట్టాడు.

అప్పుడు రామనర్సయ్య భార్య చెవిలో కొమ్మ సంగతి చెప్పాడు. ఆమె ఒళ్లు జల్లుమంది, మరుక్షణమే మండింది. "మరి దొంగలెక్క మా వాముల దాగినోళ్లను ఎవరు కట్టాలె, దొరా?" అని గట్టిగానే అడిగింది. దొరలకు మళ్లీ దగ్గొచ్చింది.

అలజడి అణిగాక ఆ తాలూకాలో పట్టుబడ్డ తిరుగుబాటుదారు ఒక్కడే, వాడికి జీతమిచ్చింది సర్కారే.