దొర భోంచేశాడు, తలుపు మెల్లగా వేయండి

బిష్కెక్ నగరంలో ప్రతి ఇంటికీ ఒక కొండచిలువ పిల్ల ఉండి తీరాలని మనవి చేస్తున్నాను. నవ్వకండి. నలభై ఏళ్లు విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం బోధించినదాన్ని. కారణం లేకుండా ఏ మాటా అనను.

మా అబ్బాయి ఎర్మెక్ తెచ్చిన పిల్ల పేరు బెక్, అంటే దొర. ఆయన వారానికొక ఎలుకపిల్లను మింగుతాడు. మా ఫ్రీజర్‌లో గుర్రపు మాంసం పక్కనే ఆయన భోజనమూ ఉంటుంది. అసలు వైభవం తిన్న తర్వాత మొదలవుతుంది. రెండు రోజులు ఆయనను ముట్టుకోకూడదు. పెట్టె దగ్గర దబదబా నడవకూడదు. పొట్ట కింద వెచ్చదనం తగ్గకూడదు. కదిపితే తిన్నదంతా కక్కేస్తాడు. పసివాడు కనుక, అలా రెండు మూడుసార్లు జరిగితే బతకడం కష్టం.

ఇప్పుడు పర్యవసానాలు గమనించండి. మా ఫ్లాట్‌లో గదిని వెచ్చబెట్టే వేడినీటి గొట్టం సవ్యంగా పనిచేసేది ముందుగదిలోనే. కనుక పెట్టె అక్కడే ఉండాలి. అతిథులు కూర్చునేదీ అక్కడే. కనుక దొర భోంచేస్తే అతిథులు రాకూడదు. ఇందులో దోషం ఎవరైనా చూపగలరా?

మా మర్యాద ప్రకారం అతిథి గిన్నెలో టీ సగానికి మించి పోయకూడదు. నిండా పోస్తే ఇక వెళ్లిరండని అర్థం. ఎనిమిది మంది వస్తే ఎనభై సగం గిన్నెలు. పోసేది మా కోడలు తుర్సునై. తన గిన్నె పెదవిదాకా తెచ్చుకునేసరికి ఎవరిదో ఖాళీ గిన్నె ఆమె ముందుకు జరుగుతుంది. నేనూ ముప్పై ఏళ్లు అలాగే పోశాను. వేడి టీ రుచి ఎలా ఉంటుందో నాకు మా ఇంటికి కోడలు వచ్చాకే తెలిసింది.

సెప్టెంబరు చివర్లో మా ఆడపడుచు కల్బూబూ ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. తుర్సునై తలుపు సందులోంచి వేలు పెదవులమీద పెట్టి చూపింది.

“పిన్నిగారూ, మెల్లగా. దొర ఇప్పుడే తిన్నాడు.”

“పాము తింటే నేను గుమ్మంలో నిలబడాలా? మేమింకా తినలేదమ్మా!”

“మీరు తిన్నాక పాట పాడతారు కదండీ. అది వింటే ఈయన కక్కుతాడు.”

ఎనిమిది మందీ బూట్లు విప్పకుండానే వెనుదిరిగారు.

దొర భోజనాలను తుర్సునై ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో గుర్తు పెడుతుంది. అక్టోబరులో తొమ్మిది గుర్తులు కనిపించాయి. ఎర్మెక్ ఆ నెలకు తెచ్చినవి ఆరు ఎలుకపిల్లలు. నెలాఖరుకు ఫ్రీజర్‌లో రెండు మిగిలి ఉన్నాయి. తర్కం చదివినవాళ్లకు తీసివేత కూడా వస్తుంది. తొమ్మిది భోజనాలు చేసినా దొర బుగ్గలు ఏమాత్రం నిండలేదు. నిండినవి మా కోడలివి.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కల్బూబూ పత్రికలు చదవదన్న ధైర్యంతో మీకు చెబుతున్నాను. తిన్న పామును కదపకూడదని దాన్ని అమ్మిన కుర్రవాడు ఎర్మెక్‌కు కాగితం మీద రాసిచ్చాడు. మా ఇళ్లకు కోడళ్లు వచ్చేటప్పుడు అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరెందుకు?

నిన్న కల్బూబూ ఫోన్ చేసింది. ముందుగదిలో తుర్సునై గొట్టానికి వీపు ఆనించి, కాళ్లు బారజాపి కూర్చుని ఉంది. చేతిలో అంచుదాకా నిండిన గిన్నె, ఆవిరి లేస్తోంది. పక్కన పెట్టెలో దొర ఆకలిమీద నాలుక ఆడిస్తూ అద్దం తడుముతున్నాడు.

“వదినా, తొమ్మిది మందిమి బయల్దేరుతున్నాం. మళ్లీ తిన్నాడని మాత్రం చెప్పకు.”

ఫోన్‌లో ఆ గొంతు వినబడగానే తుర్సునై గిన్నె కింద పెట్టి లేవబోయింది. కూర్చోమని చెయ్యి చూపాను.

“ఇప్పుడే అయింది కల్బూబూ,” అన్నాను. “శుక్రవారం దాకా కదపడానికి లేదు.”

తర్వాత క్యాలెండర్ దగ్గరికి వెళ్లి నా చేత్తోనే గుర్తు పెట్టాను. తిన్నదెవరో రాయలేదు.