ముంగిస రాయించిన పంచనామా

ఒక పెద్ద అడవిలో ఏడాదికి పది నెలలు ముసురు పట్టి ఉండేది. మిగతా రెండు నెలలూ ముసురు ఎప్పుడు పడుతుందా అని జంతువులు మాట్లాడుకునేవి. అలాంటి వాతావరణంలో పంటల సంగతేమో గానీ, నేరాలు మాత్రం బాగా పెరిగేవి. అందుకని రాతిగుట్ట కింద ఒక పోలీసు స్టేషన్ వెలిసింది.

ఆ స్టేషన్లో ఎస్.ఐ. వీరభద్రం అనే ముంగిస పనిచేసేవాడు. నిబంధనలంటే లెక్కలేని అధికారిగా అతనికి పేరు. అలాంటి అధికారికి ఉండవలసినవన్నీ అతనికి ఉన్నాయి. టోపీ పెట్టుకోడు. పై అధికారికి సెల్యూట్ కొట్టడు. పొద్దున్నే ఇప్పసారా వాసన వేస్తాడు. పెళ్ళాం ఎప్పుడో పుట్టింటికి వెళ్ళిపోయింది. సోదా చేయాలంటే వారెంటు అడగడు, వెనకవైపు ఏదో ఒక కన్నంలోంచి లోపలికి దూరతాడు. ఇప్పటికి ఏడుసార్లు సస్పెండయ్యాడు. ఏడుసార్లూ వారం తిరక్కుండానే మళ్ళీ తీసుకున్నారు.

ఆ ఏడు ఉత్తర్వులనూ వీరభద్రం తన బల్ల వెనక గోడకు వరసగా అంటించుకున్నాడు. వచ్చినవాళ్ళు వాటినే ముందు చూసేవారు. చూడాలనే అతనూ అంటించాడు.

ఆ వానాకాలంలో ఉప్పుగట్టు దగ్గర ఒక ముసలి కణుజు జింక చచ్చిపడి ఉంది. ఉప్పుమట్టి నాకడానికి అడవిలో అందరూ అక్కడికి రావలసిందే కాబట్టి, గట్టు దగ్గర ఎవరూ ఎవరినీ చంపకూడదని చట్టం. తప్పినవాణ్ణి ఏటి అవతలికి తోలేస్తారు. అవతల రేచుకుక్కలు గుంపులుగా తిరుగుతుంటాయి. తోలేసినవాళ్ళలో పులిరాజుగారి చుట్టాలు ఎవరూ లేరు, తిరిగొచ్చినవాళ్ళు అసలే లేరు.

శవం పక్కన రెండు ఏదుపంది ముళ్ళు దొరికాయి. సాయంత్రానికల్లా అప్పలసూరి అనే ఏదుపందిని లాకప్పులో వేశారు.

మర్నాడు పొద్దున అప్పలసూరి భార్య పైడితల్లి స్టేషన్ గుమ్మంలో కూర్చుంది. "బాబూ, మా ఆయన దుంపలు తవ్వుకు తింటాడు. ఉప్పు నాకడానికెళ్ళాడు. ముళ్ళు రాలతాయి బాబూ, మీకు వెంట్రుకలు రాలవా?"

జింకల సంఘం కూడా ఊరుకోలేదు. "కణుజును ఏదుపంది చంపిందంటే మేం నమ్మం. కేసు వీరభద్రంగారికే ఇవ్వాలి" అని రాతిగుట్ట ముందు ధర్నాకు దిగింది.

డీఎస్పీ జంబుకేశ్వరరావు బయటికొచ్చాడు. గుంటనక్క. టోపీ మీద మూడు నెమలీకలు, మాటలో తేనె. జింకలందరూ వినేలా వీరభద్రాన్ని కేకలేశాడు.

"నీ పద్ధతులు నాకు బొత్తిగా నచ్చవు వీరభద్రం. నువ్వు డిపార్టుమెంటుకే మచ్చ. అయినా ప్రజలు కోరుతున్నారు కాబట్టి కేసు నీకే ఇస్తున్నాను. నాలుగు రోజుల్లో కోర్టు. ఏం చేస్తావో, ఎలా చేస్తావో నేను అడగను."

జింకలు జేజేలు కొట్టాయి. వీరభద్రం సెల్యూట్ కొట్టకుండా వెనక్కి తిరిగాడు. జింకలు ఇంకా గట్టిగా కొట్టాయి.

అతను శవాన్ని చూడగానే విషయం తెలిసిపోయింది. మెడ మీద నాలుగు కోరల గాట్లు ఉన్నాయి. తల మీద కొమ్ములు లేవు. 'కొమ్ములను ముద్దాయి కొరికి తినివేసినట్లు తెలియుచున్నది' అని రిపోర్టులో ఎవరో రాశారు. ఏదుపందికి నాలుగు కోరలు ఎక్కడివి? చంపినవాళ్ళ కొమ్ములు కోసుకెళ్ళి గోడకు తగిలించుకునే అలవాటు అడవి మొత్తానికి ఒక్కడికే ఉంది. చిరుత చెంచురాయుడు, పులిరాజుగారి బావమరిది. పులికి చిరుత బావమరిది ఎలా అయ్యాడని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

వీరభద్రం స్టేషన్‌కి వచ్చి ఒళ్ళు విరుచుకున్నాడు. "చెంచురాయుడి గుహ వెనక కలుగొకటి ఉంది రైటర్‌గారూ. మధ్యాహ్నానికి కొమ్ములు మీ బల్ల మీద ఉంటాయి."

రైటరంటే స్టేషన్లో రాతపని చేసే హెడ్ కానిస్టేబులు. పేరు కూర్మారావు, తాబేలు. నూటపదేళ్ళ సర్వీసు. ఆయన కలం కింద పెట్టాడు. అది ఎప్పుడో గానీ జరగదు.

"ఒక్కమాట అడగనా సార్? ఉడత జామకాయ ఎత్తుకెళ్తే ఆ కేసు ఎవరికిస్తారు?"

"ఏఎస్సైకి."

"కుందేలు కుందేలు కొట్టుకుంటే?"

"ఏఎస్సైకే. చిల్లర కేసులు నాకెందుకిస్తారు?"

"అవునవును. మీకు వచ్చిన ఏడు కేసులూ పెద్దవే. ఏడింట్లోనూ దొంగ రాజుగారి చుట్టమే. ఏడుగురినీ మీరే పట్టుకున్నారు." కూర్మారావు మెడ ఇంకొంచెం బయటికి చాపాడు. "కోర్టులో ఏమైందో గోడమీద లేదు గాని, నా దగ్గర రాసి ఉంది. వారెంటు లేదు, కొట్టేశారు. పంచనామా లేదు, కొట్టేశారు. కన్నంలోంచి దూరి తెచ్చిన సాక్ష్యం చెల్లదు, కొట్టేశారు. ఒకసారి కొట్టేశాక ఆ కేసు మళ్ళీ ఎవరూ తెరవకూడదని చట్టం."

వీరభద్రం తోక కిందికి వాలింది.

"డీఎస్పీగారు మిమ్మల్ని తిట్టేది మీరు నిబంధనలు పాటించరని కాదు సార్. పాటించరనే ధైర్యంతో."

బయట ముసురు పడుతోంది. లాకప్పులోంచి అప్పలసూరి సన్నగా దగ్గుతున్నాడు. వీరభద్రం గోడమీది ఏడు ఉత్తర్వుల వంక చూశాడు. ఇన్నాళ్ళూ అవి ఏడు పతకాలనుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఏడు రసీదుల్లా ఉన్నాయి.

"రైటర్‌గారూ, ఆ నిబంధనలు ఎక్కడుంటాయి?"

"పుస్తకం ఒక్కటే ఉంది సార్. డీఎస్పీగారి బల్లకు ఒక కాలు పొట్టి. దాని కిందుంది."

జంబుకేశ్వరరావు కాఫీకి వెళ్ళినప్పుడు వీరభద్రం బల్ల ఎత్తి పుస్తకం లాగాడు. సగం చెదలు తిన్నాయి. సోదాల అధ్యాయం మాత్రం చెక్కుచెదరలేదు. చెదలు కూడా దాని జోలికి పోలేదు.

సోదాకు డీఎస్పీ ఉత్తర్వు ఉండాలి. పట్టపగలు, ముందు గుమ్మంలోంచి వెళ్ళాలి. అధికారి టోపీ పెట్టుకుని ఉండాలి. పంచనామాకు అదే చోటి పరువుగల పెద్దమనుషులు ఐదుగురు పంచులుగా ఉండాలి. కేసుకు సంబంధించినవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసి వాళ్ళచేత సంతకాలు పెట్టించాలి.

"డీఎస్పీ ఉత్తర్వు ఎలా వస్తుంది?" అన్నాడు వీరభద్రం నీరసంగా.

"దరఖాస్తు పెట్టండి. ఫైల్లో పెట్టడం నా పని."

జంబుకేశ్వరరావుకి ఒక అలవాటుంది. రోజూ పొద్దున వీరభద్రానికి మూడు మెమోలు ఇస్తాడు. టోపీ లేదని ఒకటి, సెల్యూట్ లేదని ఒకటి, వాసనకు ఒకటి. పదేళ్ళ నుంచీ అవే మూడు కావడంతో చదవడం మానేశాడు. మర్నాడు పొద్దున 'విషయం: ఎస్.ఐ. వీరభద్రం' అన్న ఫైల్లో నాలుగు కాగితాలున్నాయి. ఆయన మూడింటి మీదా సంతకం పెట్టిన ఊపులోనే నాలుగో దానిమీదా పెట్టాడు.

"ఇవాళ బల్ల ఊగుతోందేమిటి కూర్మారావు?"

"వానకి నేల మెత్తబడింది సార్."

పంచులను వెతకడమే కష్టమైంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా అదే మాట. "చెంచురాయుడుగారి గుహకా? నాకు ఇవాళ గిట్ట నొప్పండీ" అంది దుప్పి. "మాది పరువుగల కుటుంబమే గానీ, అంత పరువు లేదండీ" అన్నాడు కుందేలు. స్టేషన్ బయట ఎప్పుడూ కూర్చుని ఉండే ఐదు కోతులు మాత్రం ముందుకొచ్చి, "మేం రానక్కర్లేదు సార్, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టి రైటర్‌గారికి ఎప్పుడో ఇచ్చేశాం. మీకు కావలసింది రాసుకోండి" అన్నాయి.

వీరభద్రానికి ఒక్క క్షణం నోరూరింది. పుస్తకం తెరిచి చూసి, మూసేశాడు.

"పిలిస్తే రావడం లేదు రైటర్‌గారూ."

"నోటితో పిలిస్తే రారు సార్. పేజీ తిప్పండి. రాతపూర్వకంగా పిలిచాక రానివాడికి పదిహేను రోజులు లాకప్పు."

"అయినా అక్కడివాళ్ళే కావాలి, పరువుగలవాళ్ళు కావాలి. ఎక్కడ దొరుకుతారు?"

"ఇవాళ చెంచురాయుడుగారి పుట్టినరోజు సార్. మధ్యాహ్నం విందు. అడవిలో పరువంతా అక్కడే ఉంటుంది."

మధ్యాహ్నం విందు మంచి రసపట్టులో ఉండగా గుహ ముందు గుమ్మంలో ఒక అధికారి నిలబడ్డాడు. టోపీ ఉంది. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. ఎవరో కొత్తగా బదిలీ మీద వచ్చాడనుకున్నారు అందరూ. అతను సెల్యూట్ కొట్టేసరికి జంబుకేశ్వరరావు చేతిలో ముద్ద జారిపోయింది.

"వీరభద్రం! నువ్వేనా?"

"నేనే సార్. తమ ఉత్తర్వు ప్రకారం సోదాకు వచ్చాను."

"నా ఉత్తర్వా?"

"పొద్దున్న తమరు సంతకం చేసింది. కాపీ ఇదిగో సార్."

చెంచురాయుడు కోరలు బయటపెట్టి నవ్వాడు. "ఏమోయ్ జంబుకం, ఇతను వెనక కన్నంలోంచి వస్తాడన్నావు? పొద్దున్నుంచీ దాన్ని తెరిచే ఉంచానే!"

వీరభద్రం అప్పటికే నోటీసులు పంచుతున్నాడు. సర్పంచ్ కొండముచ్చు, సంగీత కళాశాల ప్రిన్సిపాల్ గాడిద, పత్రికాధిపతి కాకి, పారిశుద్ధ్య సంఘం అధ్యక్షుడు అడవిపంది, కళాపరిషత్తు నెమలి. ఐదుగురూ నోటీసు చదివి, పదిహేను రోజులన్న మాట దగ్గర ఆగి, మూతి తుడుచుకుని లేచారు.

"మేం చూడటానికేముందయ్యా ఇక్కడ?" అన్నాడు గాడిద.

"అది చూడండి ప్రిన్సిపాల్‌గారూ."

గోడమీద కణుజు కొమ్ములు ఉన్నాయి. ఎడమ కొమ్ము కొస విరిగి ఉంది. ముసలి కణుజు కుర్రతనంలో మద్దిచెట్టును కుమ్మి విరగ్గొట్టుకున్న కొస అది. అడవిలో అందరికీ గుర్తే.

గుర్తుపట్టనట్టు ఐదుగురూ కళ్ళు చికిలించారు. కూర్మారావు మాత్రం అప్పటికే రాస్తున్నాడు. ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

"కొమ్ముల జత ఒకటి. ఎడమ కొమ్ము కొస విరిగినది. కుడి కొమ్ముకు తగిలించి ఉన్న పోలీసు టోపీ ఒకటి, మూడు నెమలీకలు కలది."

జంబుకేశ్వరరావు తల తడుముకున్నాడు. భోజనానికి కూర్చునే ముందు, ఎప్పటిలాగే గోడమీది కొమ్ముకే, టోపీ తగిలించాడు.

"కూర్మారావు, ఆ టోపీ సంగతి అవసరమా?"

"నిబంధన సార్. తమరి బల్ల కిందిదే."

విస్తళ్ళలో ఏముందో పంచనామాలో రాయలేదు. నిబంధన అడగలేదు.

కోర్టులో న్యాయమూర్తి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని వాదనలు వినడం ఆయన పద్ధతి. వీరభద్రం కేసు అనగానే, 'కొట్టివేయడమైనది' అని ముందే సగం రాసుకున్నారు. తర్వాత కాగితాలు చూశారు.

"ఉత్తర్వు ఉందా?"

"ఉంది, డీఎస్పీగారిది."

"పంచులు ఐదుగురున్నారా? పరువుగలవారేనా?"

ఇది చెంచురాయుడి వకీలు చిలుక జవాబు చెప్పవలసిన ప్రశ్న. పంచులకు పరువు లేదని వాదిస్తే కేసు కొట్టేస్తారు. కానీ కొండముచ్చు, గాడిద, కాకి, అడవిపంది, నెమలి ఐదుగురూ ముందు వరసలోనే కూర్చుని ఆమె వంకే చూస్తున్నారు. చిలుక మొదటిసారిగా మాట మర్చిపోయింది.

కొంగగారు కాగితాలు మూడుసార్లు తిరగేశారు. తప్పు దొరకలేదు. ఎత్తిన కాలు నెమ్మదిగా కింద పెట్టారు. ఆ కోర్టు చరిత్రలో అది జరగడం అదే మొదలు.

అప్పలసూరిని ఆ సాయంత్రమే వదిలేశారు. పైడితల్లి అతని ముళ్ళు సర్దుతూ తీసుకుపోయింది. చెంచురాయుణ్ణి ఏటి అవతలికి తోలారు. తన బావమరిది మీద సోదాకు సంతకం పెట్టిందెవరని పులిరాజుగారు అడిగారు. కాగితం తెప్పించుకుని చూశారు. సంతకం జంబుకేశ్వరరావుది. ఏటి అవతల కొత్తగా ఒక ఔట్‌పోస్టు పెట్టి ఆయన్ని అక్కడికి బదిలీ చేశారు. టోపీ మాత్రం ఇంకా కోర్టులోనే ఉంది.

వారం తర్వాత కొత్త డీఎస్పీ ఉడుం వచ్చాడు. పట్టు మంచిదని పేరు. కూర్చోగానే బల్ల ఊగింది. మొదటి మెమో వీరభద్రానికే రాయించాడు.

'తాము ఇటీవల నిబంధనలను అతిగా పాటించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇందువలన ప్రజలలో తమకు గల మంచిపేరు దెబ్బతినుచున్నది. సంజాయిషీ ఇవ్వవలెను.'

"చూడు వీరభద్రం," అన్నాడు ఉడుం లాలనగా. "నీ పాత పద్ధతే మాకు ముద్దు. ఆ తెగువ, ఆ దూకుడు, అదొక అందం. ఇప్పసారా సంగతి నేనేమీ అనను. ఆ టోపీ తీసెయ్యి. ఆ పుస్తకం తెచ్చి నా బల్ల కింద పెట్టు."

వీరభద్రం టోపీ సర్దుకున్నాడు. బ్రహ్మాండంగా సెల్యూట్ కొట్టాడు. అంత గట్టి సెల్యూట్ ఆ స్టేషన్లో ఎవరూ చూడలేదు. ఉడుం ఉలిక్కిపడ్డాడు.

"అలాగే సార్. పుస్తకం అప్పగిస్తున్నట్టు మూడు కాపీల్లో రసీదు ఇప్పించండి. పంచులు ఐదుగురు బయట ఉన్నారు, లోపలికి పిలవమంటారా?"

నీతి: నిబంధనలు మీరేవాణ్ణి ప్రభుత్వాలు ముచ్చటపడి పెంచుకుంటాయి, పాటించేవాడు ఎదురుపడితేనే కాలు కింద పెడతాయి.