వాగులో కట్టిన వేదిక

ఒక పెద్ద అడవిలో, సభ అంటే చాలు మేత మానేసి పరుగెత్తుకొచ్చే జంతువులు ఉండేవి. కాస్త ముందుకు జరిగి కూర్చోండి తల్లీ, వెనకవాళ్లకీ కథ అందాలి. ఆ అడవికి దేవుడు అన్నీ ఇచ్చాడు. ఆ ఏడు వాన మాత్రం ఇవ్వలేదు. ఆయన లెక్క ఆయనకుంటుంది, మనం అడగకూడదు.

వాగు ఎండిపోయింది. ముళ్లపంది సూదయ్య ఇంట్లో పిల్లలిద్దరూ మూడు రోజులుగా తడి దుంపలు నమిలి గొంతు తడుపుకుంటున్నారు. నాలుగో రోజు దుంపలు కూడా ఎండిపోయాయి.

"ఏమయ్యా," అంది భార్య బుడ్డమ్మ, "ఎల్లుండి ఏనుగుల మంద ఈ దారినే పోతుందట. ఆ పెద్దమ్మ కాళ్ల మీద పడి ఓ చెలమ తవ్వించలేవూ?"

ఏనుగు పెద్దమ్మ సంగతి అడవంతా తెలుసు. ఆవిడ తొండం ఇసుక మీద ఆనిస్తే అడుగున నీళ్లు ఎక్కడున్నాయో పసిగట్టేస్తుంది. కాలితో నాలుగుసార్లు తోస్తే చెలమ ఊరుతుంది. సూదయ్యకి ఆ మాట నచ్చింది. నాలుగు లేత వెదురు మొవ్వులు తొండంలో పెట్టి, దణ్ణం పెట్టి, ఇక్కడ తవ్వు తల్లీ అంటే అయిపోయే పని.

అయిపోయేదే. కానీ దారిలో నక్క గురునాథం ఎదురుపడి సంగతంతా లాగాడు.

"అంత పెద్దావిడ వస్తుంటే నాలుగు మొవ్వులు పెట్టి పంపేస్తావా సూదయ్యా? అడవి పరువేం కాను? సభ పెడదాం. సన్మానం చేద్దాం. నువ్వే కన్వీనరువి."

"నాకెందుకండీ అంత పెద్ద మాట?"

"పని చేసేవాడికే ఆ మాట. నీ పక్కన ఎవరూ కూర్చోలేరు కాబట్టి నీకు కుర్చీ కూడా అక్కర్లేదు. అదీ కలిసొచ్చింది."

సూదయ్య తలూపాడు. సభైతే ఏం, సంతయితే ఏం, పిల్లల గొంతు తడిస్తే చాలనుకున్నాడు పాపం.

సాయంత్రానికి ఆహ్వాన సంఘం కూర్చుంది. అధ్యక్షుడిగా ఎలుగుబంటి భూపతి గారు. ఆయన తర్వాత ఎవరి పేరు అన్న దగ్గర నెమలి అలిగింది. నెమలి పేరు వేస్తే దుప్పి అలిగింది. చివరికి టేకాకు మీద ఆహ్వానం రాశారు. పేర్లతోనే ఆకు నిండిపోయింది. సభ ఎప్పుడో ఎక్కడో ఆకు వెనక చిన్న అక్షరాల్లో వేశారు. సన్మానం ఎవరికో వేయడం మరిచిపోయారు.

"పేర్లున్నవాళ్లందరికీ వేదిక మీద చోటుండాలి," అన్నారు భూపతి గారు గడ్డం నిమురుకుంటూ.

ఎప్పుడూ సభలు జరిగే నల్లగుండు మీద అయిదుగురే పడతారు. పేర్లేమో నలభై. అందుకని చదునుగా ఉంది కదా అని ఎండిన వాగులోనే గుంజలు పాతి, వెదురు పరిచి వేదిక కట్టారు. కోతులు కట్టే కొద్దీ కొత్త పేర్లు వచ్చేవి. పేరు రాగానే ఇంకో గుంజ పాతేవారు. తెల్లారేసరికి వేదిక ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పాకింది.

మోదుగాకులతో శాలువాలు కుట్టించారు. వేదిక మీదివాళ్లకు తలా ఒకటి ఇచ్చేసరికి ఆకులు అయిపోయాయి. ఏనుగు పెద్దమ్మకి మిగల్లేదు.

"ఆవిడకేం, ఒళ్లంతా నిండుగానే ఉంది," అంది నెమలి, తన శాలువా సర్దుకుంటూ.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దు పొడవగానే పెద్దమ్మ వచ్చింది, వెనక మంద, పొట్ట కింద నెల రోజుల గున్న. చూసింది కదా, అడవి మొత్తం వేదిక మీదే ఉంది. కింద వినడానికి సూదయ్య, బుడ్డమ్మ, పిల్లలిద్దరు, ఓ చీమల బారు. చీమలు కూడా ఆగలేదు, పోతున్నాయి.

"నేనెక్కడ నిలబడను నాయనా?" అంది పెద్దమ్మ.

గురునాథం చుట్టూ చూశాడు. వేదిక మీద తోక పెట్టే చోటు కూడా లేదు. "అమ్మా, తమరు ఎక్కడ నిలబడితే అదే వేదిక," అని కింద ఎండలో నిలబెట్టాడు.

జ్యోతి వెలిగించాలన్నారు. మిణుగురుల్ని పట్టుకొచ్చారు. పట్టపగలు అవి వెలగవు కదా, వెలిగినట్టే భావించమని గురునాథం చప్పట్లు కొట్టించాడు. నెమలి ప్రార్థన పాడింది. దేవుడు దయామయుడు, అది కూడా విన్నాడు. తర్వాత ఒక్కొక్కరు లేచి, సమయం లేదు కాబట్టి రెండే మాటలు అని మొదలెట్టి, రెండు వందలకి పోయారు.

పెద్దమ్మ తొండం ఊరికే ఉండదుగా. ఇసుక మీద ఆనించింది. వాసన పీల్చింది. మెల్లగా సూదయ్య వైపు వంగింది.

"నాయనా, నీళ్లున్నాయి. మూరెడు లోతులోనే. కానీ వాళ్లు కూర్చున్న బల్ల కింద ఉన్నాయి. కాస్త దింపు, తవ్వేసి పోతాను. ఎండెక్కితే నా గున్న నది దాకా నడవలేదు."

సూదయ్య వేదిక దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా భూపతి గారూ, ఓ గడియ దిగండి. నీళ్లు మీ కిందే ఉన్నాయట."

"నేను దిగితే సభకు అధ్యక్షుడుండడు," అన్నారు భూపతి గారు. "అది సంప్రదాయం కాదు."

"నెమలమ్మా, నువ్వైనా."

"దుప్పి దిగితే దిగుతాను."

"నేను దిగగానే నా చోట్లో తను తోక పరుస్తుంది," అంది దుప్పి. "నాకు తెలీదా?"

గురునాథం కార్యక్రమం ఆకు తిరగేసి చూశాడు. "దిగడం అనే అంశం ఇందులో లేదు సూదయ్యా. వందన సమర్పణ అయ్యాక చూద్దాం. నువ్వు కన్వీనరువి, నువ్వే సభ పాడు చేస్తే ఎలా? ఈ అడవిలో ఉండాలని లేదా నీకు?"

ఎండెక్కింది. గున్న కాళ్లు తడబడ్డాయి. పెద్దమ్మ నిట్టూర్చి, వేదిక అంచున పాతిన నడిమి గుంజ పక్కన కాలితో రెండుసార్లు తట్టింది.

"సరిగ్గా ఇక్కడ. నీకూ గోళ్లిచ్చాడుగా దేవుడు," అని మందను తీసుకుని సాగిపోయింది.

సన్మానం అందుకోవలసిన ఆవిడ వెళ్లిపోయిన సంగతి వేదిక మీద ఎవరూ గమనించలేదు. భూపతి గారి అధ్యక్షోపన్యాసం అప్పుడే మొదలైంది. విషయం, నీటి ప్రాముఖ్యం.

సూదయ్య గుంజ వైపు చూశాడు. అది కదిలితే సభ పోతుంది, తన పరువు పోతుంది, రేపు అడవిలో నిలవనీడ ఉండదు. బుడ్డమ్మ వైపు చూశాడు. చిన్నదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, నాలుకతో దాని మూతి తుడుస్తోంది. నాలుక కూడా పొడిగానే ఉంది.

"తల్లీ, నీదే భారం," అని వనదేవతకి దణ్ణం పెట్టుకుని సూదయ్య వేదిక కిందికి దూరాడు.

పైన భూపతి గారు నీరు ప్రాణాధారమంటున్నారు. కింద ఇసుక ఎగురుతోంది. పైన చప్పట్లు. కింద తడి ఇసుక. పైన, "నీరు లేనిదే మనమెక్కడ?" అని భూపతి గారు అడిగారు.

జవాబు కింద నుంచి వచ్చింది. నడిమి గుంజ ఒరిగింది. దాని మీద పక్కది, దాని మీద ఇంకోటి. వేదిక మీది పెద్దలందరూ శాలువాలతో సహా మెల్లగా, ఎంతో మర్యాదగా, పేర్లు వేసిన వరసలోనే బురదలోకి జారారు. భూపతి గారు నేరుగా సూదయ్య వీపు మీద కూర్చున్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన నిలబడే భోంచేశారు.

బురదలోంచి చప్పరింపు వినిపించింది. నెమలి తాగుతోంది. దాని పక్కనే దుప్పి తాగుతోంది. ఎవరి చోటు ఎవరిదో ఎవరికీ పట్టలేదు. అందరికంటే ముందే, తల్లి దగ్గర్నుంచి జారుకుంటూ వచ్చి, సూదయ్య పిల్లలిద్దరూ చెలమలో మూతులు పెట్టారు.

ఇప్పుడు తనని వెళ్లగొడతారని సూదయ్య చెవులు ముడుచుకుని నిలబడ్డాడు. గురునాథం బురదలోంచి లేచి, మూతి నాకుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షుల వారి ఉపన్యాస ప్రభావానికి నేల కరిగి నీళ్లొచ్చాయి. సభ దిగ్విజయం. వచ్చే ఏడు ఇంతకంటే ఘనంగా, రాతి స్తంభాల మీద కడదాం. ఏమంటావు కన్వీనరూ?"

సూదయ్య నీళ్లలో ఆడుతున్న పిల్లల్ని చూసుకున్నాడు. చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు, "వెదురే చాలు బాబుగారూ. గుంజలు ఎక్కడ పాతాలో నన్నడగండి."

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, సభ జయప్రదం కావాలంటే వేదిక మరీ గట్టిగా కట్టకూడదు.