నలభై మూడు డిగ్రీల పెరుగు

ఆ ఉదయం జోర్నిత్సా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి రాజధాని సోఫియా నుంచి ల్యాబ్‌ను పరీక్షించే కమిటీ వస్తుంది. గదిలో దీపం ఆర్పి నీలికాంతి వేస్తే పళ్ళెంలోని బాక్టీరియా పచ్చగా మెరుస్తుంది. జెల్లీ చేప జన్యువును కత్తిరించి, చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో అతికించి, దాన్ని బాక్టీరియాలోకి ఎక్కించడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది. మెరిస్తే ఇంకో ఏడాది పని. మెరవకపోతే ప్లోవ్‌దివ్‌లోని ఆ ల్యాబ్‌కు తాళం.

తొమ్మిదిన్నరకు ఇంక్యుబేటర్ తలుపు తీసింది. పళ్ళెం పక్కన పెరుగు జాడీ ఉంది. ముప్పై ఏడు డిగ్రీలు ఉండాల్సిన చోట నలభై మూడు ఉంది.

"పెన్కా పిన్నీ!"

ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పెన్కా తీరిగ్గా వచ్చింది. "అరవకు తల్లీ. నీ ముప్పై ఏడులో పెరుగు గట్టిగా తోడుకోదు. నిన్న సాయంత్రం కాస్త పెంచా."

"నా బాక్టీరియా పాడైపోయింది!"

"పెరుగులో ఉన్నదీ బాక్టీరియానే కదే. దానికేం కాలేదే?"

నీలికాంతిలో పళ్ళెం మెరవలేదు. పైగా ల్యాబ్‌లో తిండి కనిపిస్తే పరీక్ష అక్కర్లేకుండానే తాళం వేస్తారు. జాడీ దాచేలోపే కమిటీ లోపలికి వచ్చేసింది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు అధ్యక్షుడు కరాబెలోవ్, జాడీ చూసి.

"నమూనా అండీ," అంది జోర్నిత్సా.

ఆయన దాని మీద నీలికాంతి వేశాడు. "మెరవడం లేదే?"

"మెరవకూడదండీ. ఇందులో జెల్లీ చేప జన్యువు లేదు. మెరిసేదాన్ని దీనితో పోల్చి చూడాలి."

"జన్యువు లేదా? ఖాయమా?"

"ఒట్టండీ."

కరాబెలోవ్ మూత తీసి వాసన చూశాడు. ఏమీ తినకుండా రెండు గంటలు బస్సులో వచ్చిన మనిషి. పెన్కా అలవాటుగా చెంచా అందించింది. తినొద్దంటే జన్యువు ఉందన్నట్టు, తినమంటే అది తిండేనన్నట్టు. జోర్నిత్సా ఎటూ తేల్చుకునేలోపే ఆయన తినడం మొదలుపెట్టాడు.

జాడీ అడుగు కనిపించాక ఆయన మూతి తుడుచుకున్నాడు. "ఊఁ, ఇక మెరిసేది చూపించు."

ఆమె పళ్ళెం అందుకుంది.

"దేంతో పోలుస్తారు బాబూ?" అంది పెన్కా, ఖాళీ జాడీ కడగడానికి తీసుకుంటూ. "పోల్చాల్సింది మీరు తినేశారుగా."

కరాబెలోవ్ ముఖం కందగడ్డ అయింది. పోల్చే నమూనా లేని ప్రయోగం చెల్లదని పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఆయన. పళ్ళెం వైపు చూడకుండానే ఫైలు మూసేశాడు.

వారానికి నివేదిక వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల పరీక్ష జరగలేదు కాబట్టి ల్యాబ్‌కు ఏడాది గడువు ఇచ్చారు. జోర్నిత్సా పెన్కాను వాటేసుకుని ఏడ్చింది.

వచ్చేసారి పోల్చే నమూనాలు రెండు జాడీలు సిద్ధం చేయాలని నివేదిక కింద కరాబెలోవ్ చేత్తో రాశాడు.