ఇరవై అయిదో నంబరు సూది

మొగుడు పిరికివాడైతే సర్దుకుపోవచ్చు. దర్జీ అయినా సర్దుకుపోవచ్చు. రోజుకు పన్నెండు గంటలు సూదులతో కాపురం చేస్తూ, ఒంటికి సూది అనగానే మంచం కింద చోటు వెతుక్కునే దర్జీని ఏమనాలో మాత్రం ఆవిడకు ఇరవై రెండేళ్లుగా మాట దొరకలేదు.

మూడు నెలల కిందట ఆయన మెడకు కుడివైపు గోలీకాయంత గడ్డ లేచింది. దానికి ఆయన చేసిన వైద్యమల్లా రోజూ పొద్దున్నే టేపు పెట్టి కొలవడం. గోలీ కాస్తా నిమ్మకాయ అయ్యాక తన చొక్కాలకు కాలరు అరంగుళం పెంచుకుని, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. ఆవిడకు నిద్ర సరిపోవడం లేదు. గడ్డ మంచిదో చెడ్డదో తేలాలంటే సన్నసూదితో లోపలిది కాస్త లాగి చూడాలన్నాడు డాక్టరు. పదింటికి వెళ్లడం, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి మిషను ముందు కూర్చోవడం, ఇదీ పరీక్ష రోజు ఉదయం వేసుకున్న పథకం. తోడుగా ఆడపడుచు కూడా బయల్దేరింది. ఆ మహాతల్లి చెవిలో ఒక మాట వేస్తే మైకులో వేసినట్టే.

ఆసుపత్రిదాకా ఆయన బుద్ధిగానే నడిచాడు. అక్కడ నర్సు చీటీ చూసి లోపలికి కేకేసింది. "మెడగడ్డకు ఇరవై అయిదో నంబరు సూది తీసిపెట్టండి!"

దర్జీ మొహం తెల్లగుడ్డ అయింది. దర్జీల లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది లావెక్కుతుంది. పట్టుకు పదకొండు, చొక్కాకు పద్నాలుగు, జీన్సుకు పద్దెనిమిది. ఇరవై ఒకటి బిగించాడంటే తోలుసంచీ కుడుతున్నాడన్నమాట.

"ఇరవై అయిదేమిటే! నాది మెడా, గుడారమా?"

"సన్నసూదే అన్నారు కదండీ డాక్టరుగారు."

"సూదుల గురించి నాకు చెప్పకు."

సూదుల విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. ఆవిడా నమ్మేసింది.

ఈలోగా ఆడపడుచు హాలంతా చాటింపు వేసేసింది. "తోళ్లు కుట్టే సూదటండీ! మా తమ్ముడి మెడలో దింపుతారట!" అదే పరీక్షకని ఒక్క వరసలో కూర్చున్న ఏడుగురి చేతులూ ఏడు మెడల మీదికి వెళ్లాయి. చివరి కుర్చీలోని పెద్దాయన, "నాకెందుకో గడ్డ తగ్గినట్టే ఉంది" అంటూ చెప్పులు వెతుక్కోసాగాడు.

గోల విని నర్సు బయటికొచ్చింది. "భయపడకండి బాబాయిగారూ! మీకోసం ఇరవై ఏడు తెస్తాలెండి."

"చూశారా! భయపడితే ఇంకా పెంచుతున్నారు!" అని అరిచాడు దర్జీ. అంతలోనే చేతులు జోడించాడు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది. పదకొండు వేయించు."

నర్సు గుండె మీద చెయ్యి వేసుకుంది. "పదకొండా? అది ఎముకలో దింపేదండీ!"

"ఫరవాలేదమ్మా, ఓర్చుకుంటాను."

"మాకూ పదకొండే!" అని ఏడుగురూ లేచారు. "పదకొండైతేనే లోపలికి!" అని ఆడపడుచు వాళ్ల ముందు నిలబడి చెయ్యెత్తింది. నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది. ఆ సందడిలో దర్జీ మెల్లగా గుమ్మం వైపు జారుకున్నాడు.

ఆవిడ వెనకనుంచి కాలరు పట్టుకుంది.

"ఏమండీ, అది చెడ్డదైతే?"

ఆ మాట ఆ ఇంట్లో మూడు నెలలుగా ఎవరూ పైకి అనలేదు. ఆయన ఆగిపోయాడు.

"తోలు కుట్టే సూదైనా సరే, నాకు తేలాలి. కావాలంటే ముందు నా మెడలో గుచ్చమంటాను. తర్వాతే మీకు."

ఆయన ఆవిడ మెడ వైపు ఒకసారి చూశాడు. "పద" అన్నాడు.

బల్ల మీద కళ్లు బిగించి పడుకున్న మనిషి, డాక్టరు సూది తీసిన చప్పుడు వినగానే పనివాడి బుద్ధి పోనిచ్చుకోలేక ఒక కన్ను తెరిచాడు. రెండోదీ తెరిచాడు. "ఇదేమిటండీ! నా పట్టుసూది కంటే సన్నగా ఉంది!"

"మా లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుందయ్యా" అన్నాడు డాక్టరు. దర్జీ ఆశ్చర్యపోతుండగానే పని అయిపోయింది. సిరంజిలోకి పసుపుపచ్చని నీళ్లు వచ్చాయి, మెడ మీద నిమ్మకాయ చప్పబడింది. ఆ నీటిచుక్కను గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూసి, గంట తర్వాత డాక్టరు చెప్పాడు. "ఉత్త నీటిగడ్డ. చెడ్డదేం కాదు. మళ్లీ ఊరితే రండి."

ఆవిడ దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. అక్కర్లేనంత సేపు తుడుచుకుంది.

హాల్లో మాత్రం ఏడుగురూ పట్టు విడవలేదు. "మీరు పెట్టిన చిచ్చు మీరే ఆర్పాలి బాబాయిగారూ" అంది నర్సు. దర్జీ వాళ్ల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్పింది తప్పు. ఇక్కడ నంబరు ఎంత పెద్దదైతే సూది అంత సన్నమట."

"అయితే నాకు వంద వేయమ్మా" అన్నాడు పెద్దాయన.

ఆవిడ మొగుడి పక్కకు జరిగి మెల్లగా అంది. "వెనక వరసకు వినబడలేదటండీ. ఇంకోసారి చెప్పండి."

"తప్పు నాదేనండీ!" అని ఆయన హాలు మారుమోగేలా అరిచాడు.

వెనక వరస అంటూ అక్కడ ఏదీ లేదు.